బడి నుంచి వచ్చాక ఇంట్లో ఒక్కరే ఉండే పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్‌లో బళ్ళు తెరిచే వారం వచ్చిందంటే చాలు, అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళ నుంచి ప్రతి ఏడూ ఇవే సందేహాలు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు, నాలుగు నాలుగున్నరకి ఇంటికొచ్చి మనం వచ్చే ఆరున్నర ఏడు దాకా ఒక్కళ్ళే ఉంటారు. డేకేర్‌కి పంపే వయసు దాటిపోయింది, పూర్తిగా వాళ్ళ మానాన వదిలేసే వయసు ఇంకా రాలేదు, నానమ్మో అమ్మమ్మో ఊళ్ళో ఉన్నారు. అడిగినవాళ్ళకల్లా విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. మీకు ఏ ప్రశ్న కావాలో దానికే నేరుగా వెళ్ళి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

ఏ వయసు నుంచి ఒంటరిగా ఉంచొచ్చు? చట్టం ఏమైనా ఉందా?

ఇన్నేళ్ళు నిండితేనే ఇంట్లో ఒంటరిగా ఉంచాలని మన దేశంలో చట్టం వయసు చెప్పలేదు. అలాగని పట్టింపు లేదనుకోకండి. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద, పిల్లల బాధ్యత ఉన్నవాళ్ళు వాళ్ళకి శారీరకంగానో మానసికంగానో అనవసరమైన బాధ కలిగేలా నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, రెండూ కూడా పడొచ్చు. నా మటుకు నేను పదకొండేళ్ళ లోపు పిల్లల్ని రోజూ ఒంటరిగా ఉంచొద్దనే చెప్తాను. ఆ తర్వాత కూడా వయసు కన్నా పిల్లని చూసి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే పదకొండేళ్ళకే నింపాదిగా ఉండే పిల్లలుంటారు, పద్నాలుగొచ్చినా కరెంట్ పోతే ఏడ్చేవాళ్ళూ ఉంటారు.

మావాడు రెడీగా ఉన్నాడో లేదో ఎలా తెలుస్తుంది?

"ఉండగలవా?" అని అడిగితే అందరూ "ఉంటా" అనే అంటారు, అందులోనూ టీవీ రిమోట్ తమ చేతికొస్తుందని తెలిస్తే ఇంకా గట్టిగా అంటారు. అలా కాకుండా "తాళం చెవి బడిలో పడిపోయింది, ఏం చేస్తావు?", "నేను ఫోన్ ఎత్తట్లేదు, నాన్న కూడా ఎత్తట్లేదు, అప్పుడు?" అని అడిగి చూడండి. జవాబు తప్పయినా ఫర్వాలేదు, కంగారు పడకుండా ఆలోచిస్తున్నాడా లేదా అన్నదే ముఖ్యం. ఇంకో సంగతి, గ్లాసు పగలగొట్టినా మార్కులు తగ్గినా తనంతట తను వచ్చి చెప్పే పిల్లాడైతే సగం టెన్షన్ తగ్గినట్టే. చెప్పకుండా దాచే అలవాటుంటే ముందు దాని సంగతి చూసుకోవాలి.

మాకు చుట్టుపక్కల తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా పర్లేదా?

పర్లేదని చెప్పలేను. పిల్ల ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో నడిచొచ్చి తలుపు తట్టే పెద్దమనిషి ఒకరు ఉండి తీరాలి, నా దృష్టిలో వయసు కన్నా ఇదే పెద్ద షరతు. మీరు గచ్చిబౌలిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే ఎంత ప్రేమ ఉన్నా గంటన్నర లోపు రాలేరు కదా. ఎవరూ తెలియకపోతే పరిచయం చేసుకోండి: ఎదురింటివాళ్ళు, కింద టైలరింగ్ చేసే ఆవిడ, అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైరైన దంపతులు. "మా పాపని చూసుకోండి" అంటే ఎవరైనా వెనకాడతారు, అది పెద్ద బరువులా అనిపిస్తుంది. "పాప ఫోన్ చేస్తే ఒక్కసారి వచ్చి చూడండి చాలు" అంటే చాలామంది సరేనంటారు. పండక్కి స్వీట్లు ఇవ్వండి, వాళ్ళకి అవసరమైనప్పుడు మీరూ నిలబడండి. అలాంటి మనిషి దొరికేదాకా బడిలో ఆటల ప్రాక్టీసో, దగ్గర్లో ట్యూషనో పెట్టడమే నయం.

తాళం చెవి పిల్లల దగ్గర ఉంచితే పోగొట్టుకోరా?

పోగొట్టుకుంటారు, ఒకసారైనా. అందుకే ముందే ఏర్పాటు చేసుకోవాలి. బ్యాగ్ లోపలి జిప్‌లో చిన్న తాడు కట్టి దానికి చెవి వేలాడదీయండి, తలుపు తీసేటప్పుడు కూడా తాడు విప్పాల్సిన పని లేనంత పొడుగు ఉంటే మళ్ళీ మళ్ళీ వెతుక్కోవడం తప్పుతుంది. దాని మీద ఫ్లాట్ నంబర్ రాయకండి. ఇంకో చెవి పొరుగువాళ్ళ దగ్గర ఉంచండి, చెప్పుల స్టాండులోనో మీటర్ బాక్స్ మీదో వద్దు, ఆ చోట్లు అందరికీ తెలిసినవే. డిజిటల్ లాక్ ఉంటే పిల్లకి తన నంబర్ తనకే పెట్టండి, బ్యాటరీ తగ్గినప్పుడు అది చేసే శబ్దం ఎలా ఉంటుందో వినిపించండి. లోపలికొచ్చాక పై గడియ పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. గడియ పెట్టుకుని ఫ్యాన్ కింద నిద్రపోతే మీ దగ్గర చెవి ఉన్నా లాభం లేదు, అపార్ట్‌మెంట్ మొత్తం తలుపు దగ్గర చేరుతుంది.

## మొదటి వారాలు

ఒక్కసారిగా మొదలుపెట్టాలా, మెల్లమెల్లగానా?

మెల్లగానే. ముందు శనివారం మీరు కూరగాయలకి వెళ్ళినప్పుడు అరగంట ఉంచండి, తర్వాత గంట. ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు ఉన్నవాళ్ళు ఒకరోజు గదిలో తలుపేసుకుని కూర్చోండి, పిల్ల తాళం తీసుకుని లోపలికొచ్చి, ఫోన్ చేసి, తిని, పుస్తకం తీసేదాకా మీరు బయటికి రావద్దు. ఎక్కడ తడబడిందో అక్కడే తెలిసిపోతుంది. అన్నిటికన్నా ఇంటికొచ్చిన మొదటి ఇరవై నిమిషాలు అలవాటు కావాలి, అవి కుదిరితే మిగతా రెండు గంటలు వాటంతటవే సర్దుకుంటాయి.

రాగానే ఫోన్ చేయమంటే మర్చిపోతున్నాడు. నాకేమో ఆఫీసులో గుండె దడ.

"రాగానే" అన్నది పిల్లలకి పట్టదు. ఏదో ఒక పనికి ముడిపెట్టండి: షూ విప్పకముందే ఫోన్. మీరు మీటింగ్‌లో ఉంటే మిస్డ్ కాల్ అయినా, "వచ్చేశా అమ్మా" అన్న వాయిస్ మెసేజ్ అయినా సరిపోతుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ వదలడం ఇష్టం లేకపోతే బటన్ల ఫోన్ ఒకటి కొని హాల్లో చార్జింగ్ దగ్గరే ఉంచండి, అది అక్కణ్ణుంచి కదలకూడదు. వచ్చే టైమ్ దాటి పదిహేను నిమిషాలైతే ముందు ఇంటికి, తర్వాత పొరుగింటికి, ఆ తర్వాత వ్యాన్ డ్రైవర్‌కి ఫోన్ చేయాలని మీరూ మీ భర్తో భార్యో ముందే అనుకుని పెట్టుకోండి, లేకపోతే ఇద్దరూ ఒకరికొకరు ఫోన్ చేసుకుంటూ కూర్చుంటారు. ఇంకొక్క మాట. పిల్లాడు ఫోన్ చేస్తే మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట "హోంవర్క్ అయిందా?" కాకూడదు. అలా అడిగితే నాలుగు రోజుల్లో ఫోన్ చేయడం మానేస్తాడు.

ఎన్ని రూల్స్ పెట్టాలి?

వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. తలుపు, స్టవ్, బయటికి వెళ్ళడం, ఏం జరిగినా దాచకుండా చెప్పడం. పిల్ల చేతే రాయించి ఫ్రిజ్ మీద అంటించండి, కింద ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాల్లో. ఫోన్లో సేవ్ చేసి ఉన్నాయిగా అనుకోవద్దు, చార్జింగ్ అయిపోయిన రోజున కాగితమే పనికొస్తుంది. మీ ఇద్దరి నంబర్లలో ఒకటైనా కంఠతా రావాలి.

బెల్ కొడితే ఏం చేయమని చెప్పాలి? రోజూ ఏదో ఒక డెలివరీ వస్తుంది.

ఆ గంటల్లో వచ్చేలా ఆర్డర్లు పెట్టకపోవడం మీ పని. వచ్చినా తలుపు తీయకుండానే "వాచ్‌మన్ దగ్గర ఇవ్వండి" అని చెప్పడం పిల్లల పని. "ఇంట్లో ఎవరూ లేరండీ" అన్న మాట మాత్రం తలుపు దగ్గర గానీ ఫోన్లో గానీ రాకూడదు, "అమ్మ పనిలో ఉంది, తర్వాత రండి" అనాలి. ఫోన్లో ఎవరు అడిగినా ఓటీపీ చెప్పకూడదు.

తెలిసినవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. పిల్లల్ని ఇబ్బంది పెట్టేవాళ్ళలో ఎక్కువమంది ఇంటికి పరిచయం ఉన్నవాళ్ళే, ఇది వినడానికి కష్టంగా ఉన్నా నిజం. అందుకని మామయ్య వచ్చినా, బాబాయ్ స్నేహితుడొచ్చినా, ఏసీ రిపేరు అబ్బాయి వచ్చినా ముందు అమ్మకి ఫోన్, అమ్మ సరేనన్నాకే తలుపు. "అమ్మే పంపింది" అంటే నమ్మకుండా అడగడానికి మీ ఇంట్లో మాత్రమే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండి. చుట్టాలు నొచ్చుకుంటారేమో అని మొహమాటపడకండి, వాళ్ళకి మీరే ముందుగా చెప్పేయండి. మంచి, చెడు స్పర్శ గురించి ఎప్పుడో ఒకసారి చెప్పాంగా అని వదిలేయకుండా ఈ సందర్భంలో మళ్ళీ మాట్లాడండి, అబ్బాయిలతో కూడా.

## రోజూ నడిచేటప్పుడు

వచ్చీ రాగానే ఆకలి అంటారు. ఏం పెట్టి వెళ్ళాలి?

ఈ వయసులో ఆకలి మామూలు ఆకలి కాదు. లంచ్ బాక్స్ పన్నెండున్నరకి తిని ఉంటారు, నాలుగున్నరకల్లా కడుపులో ఏమీ ఉండదు, అప్పుడు కనబడేది బిస్కెట్ ప్యాకెట్ అయితే ప్యాకెట్ మొత్తం ఖాళీ. పొద్దున వండినప్పుడే హాట్ బాక్స్‌లో రెండు చపాతీలు, లేదా పులిహోర పక్కన పెట్టండి. పెరుగన్నం, ఉడకబెట్టిన సెనగలు అయితే ఫ్రిజ్‌లో పెట్టి, తిన్నాక మిగిలింది మళ్ళీ లోపల పెట్టమనండి. అటుకులు పిల్లలే చేసుకోగలరు, పెరుగులో నానబెట్టి ఉప్పు వేసి పైన కాసిన్ని వేయించిన పల్లీలు, స్టవ్ అక్కర్లేదు. అరటిపళ్ళు, పల్లీ చిక్కి, ఆదివారం చేసిపెట్టుకున్న జంతికలు కంటికి కనబడేలా డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. వంటగది అలమారలో లోపలెక్కడో పెడితే దాన్ని వెతికే ఓపిక వాళ్ళకి ఉండదు. మంచినీళ్ళ సీసా కూడా అక్కడే. తిన్న ప్లేటు సింకులో వేయడం కాదు, కడిగి బోర్లించడం అన్నది మొదటి వారమే అలవాటు చేయండి, తర్వాత చెప్తే వినరు.

స్టవ్ ఎప్పుడు ముట్టుకోనివ్వొచ్చు?

మీరు పక్కన నిలబడి ఉండగా ఎన్నోసార్లు చేశాక, అది కూడా ఎనిమిదో తరగతి దాకా వచ్చాక. ముందు పాలు వేడి చేయడం, తర్వాత గుడ్డు. నూనెలో వేయించేవి వద్దే వద్దు. అప్పటిదాకా పొద్దున వెళ్ళేటప్పుడు రెగ్యులేటర్ దగ్గరే గ్యాస్ కట్టేసి వెళ్ళండి. ఇండక్షన్ స్టవ్‌లో మంట లేకపోవడం మంచిదే గానీ గిన్నె వేడి వేడే, ఆ జాగ్రత్త కూడా చెప్పాలి.

హోంవర్క్ అస్సలు ముట్టుకోడు. మేమొచ్చి మొదలుపెట్టేసరికి రాత్రి తొమ్మిదవుతోంది.

ఎనిమిది గంటలు బడిలో, వ్యాన్లో గడిపి వచ్చిన పిల్లాణ్ణి వెంటనే కూర్చోబెట్టాలనుకోవడం అన్యాయం. మొదటి గంట వాడిది. తర్వాత మీరు వచ్చేలోపు ఒకే ఒక్క పని అయిపోవాలి, ఏది అన్నది వాడే ఎంచుకుని మీకు మెసేజ్ పెడతాడు. లెక్కలు లాంటివి మీరొచ్చాక, చూసిరాత పనులు ముందు. అన్నీ అయిపోవాలని పట్టుబడితే ఏదీ అవదు.

ఫోన్, టీవీ గోల ఎలా ఆపాలి? వైఫై ఆపేసి వెళ్తే తప్పా?

తప్పని అనను, కానీ ఎక్కువ రోజులు పనిచేయదు, పక్కింటి పాస్‌వర్డ్ సంపాదిస్తారు. గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటి యాప్‌తో ఏ యాప్ ఎంతసేపో ముందే పెట్టొచ్చు, పెట్టే ముందు పిల్లకి చూపించి పెట్టండి. ఫోన్ వాడితే హాల్లోనే, పడకగదిలో తలుపేసుకుని కాదు. ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల ప్రకారమే పదమూడేళ్ళు నిండాలి, "అందరికీ ఉంది" అన్నది కారణం కాదు. మీ యూపీఐ పిన్, కార్డు వివరాలు పిల్లలు వాడే ఫోన్లో ఉండకూడదు, ఆటల్లో డబ్బులు పోయే దారి అదే. ఒకవేళ ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో కెమెరా పెట్టాలా?

తలుపు బయట పెట్టండి, పనికొస్తుంది. హాల్లో పెట్టి ఆఫీసు నుంచి "ఎందుకు పడుకున్నావ్, కాళ్ళు కింద పెట్టు" అని స్పీకర్లో అరవడం నాకు నచ్చదు. ఆ రెండు గంటలు పిల్లల సొంత గంటలు కూడా. నమ్మలేకపోతే ఒంటరిగా ఉంచకండి, నమ్మి ఉంచితే కెమెరాతో వెంటాడకండి.

ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి తమ్ముణ్ణి అప్పగించొచ్చా?

పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లకి తొమ్మిదేళ్ళ తమ్ముణ్ణి గంటసేపు అప్పగించొచ్చు. రోజూ మూడు గంటలు, పైగా అన్నం పెట్టడం, హోంవర్క్ చేయించడం కూడా అంటే అది ఆ పిల్ల సాయంత్రాలన్నీ లాగేసుకోవడమే. అక్క అయినంత మాత్రాన బట్టలు మడతపెట్టడం, గిన్నెలు తోమడం తన వంతు, తమ్ముడికి మాత్రం క్రికెట్ అన్న ఇళ్ళు ఇప్పటికీ చూస్తున్నాను, కడుపు తరుక్కుపోతుంది. పనులు ఇద్దరికీ పంచండి. కొట్టుకుంటే ఎవరు ఏ గదిలోకి వెళ్ళాలో ముందే చెప్పండి, తీర్పు ఫోన్లో చెప్పకండి.

కిందికి ఆడుకోవడానికి పంపొచ్చా?

పంపండి, ఇంట్లో బందీగా ఉంచడం కన్నా మేలు. వెళ్ళేటప్పుడు మెసేజ్, తాళం వేసి చెవి జేబులో, వీధి దీపాలు వెలిగేలోపు ఇంట్లో. స్నేహితుల్ని ఇంటికి పిలవడం మాత్రం మీరు ఉన్నప్పుడే.

## ఏదైనా తేడా వస్తే

గ్యాస్ వాసన వస్తే?

స్విచ్ వేయకూడదు, ఉన్న స్విచ్ ఆపకూడదు కూడా, రెండింటికీ నిప్పురవ్వ రావచ్చు. చేతనైతే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసేసి, బయటికొచ్చాకే ఫోన్ చేయాలి. వంట గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది, అందుకని తలుపు తీయడం ముఖ్యం. లీకేజీ ఫిర్యాదుకి 1906, మంటలొస్తే 101. ఇది నోటితో చెప్తే చాలదు, ఒకసారి రెగ్యులేటర్ పిల్ల చేతే తిప్పించి కట్టించండి.

చేయి కాలినా, తెగినా?

కాలితే పంపు కింద మామూలు చల్లని నీళ్ళలో ఇరవై నిమిషాలు, మధ్యలో ఫోన్. టూత్‌పేస్ట్, పసుపు, సిరా ఏదీ రాయకూడదు, ఐసు కూడా పెట్టకూడదు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవాలి, తీసి తీసి చూడకూడదు. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చడం మనందరికీ అలవాటు, అది తప్పు: కాస్త ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు మూసి పట్టుకోవాలి.

లిఫ్ట్‌లో ఇరుక్కుంటే, కరెంట్ పోతే?

అలారం బటన్ నొక్కి, కింద కూర్చుని ఎదురుచూడాలి. తలుపులు చేత్తో తెరవడం, సగం తెరుచుకున్న చోటు నుంచి దూకడం ప్రాణాల మీదికి తెస్తుంది. వానాకాలంలో కరెంట్ వచ్చీ పోతూ ఉంటే మెట్లెక్కి రమ్మనండి. ఇంట్లో టార్చ్ ఎక్కడుందో చీకట్లో తడిమి తీసుకోగలగాలి, కొవ్వొత్తి వద్దు.

అత్యవసరమైతే ఏ నంబర్?

అన్నిటికీ 112. అంబులెన్స్‌కి 108 మన పిల్లలకి ఎటూ తెలుసు. భయపెట్టే మనిషి గురించి ఎవరికి చెప్పాలో తెలియకపోతే పిల్లలే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పేరు, ఫ్లాట్ నంబర్, వీధి, దగ్గర్లో గుడో బడో ఏదో ఒక గుర్తు, ఈ వరుసలో చెప్పడం ప్రాక్టీస్ చేయించండి, చాలామంది పిల్లలకి తమ చిరునామా పూర్తిగా రాదు.

ఏదైనా పగలగొడితే దాచేస్తోంది.

చెప్పినప్పుడు మీరెలా స్పందించారో గుర్తుచేసుకోండి. టీవీ పగిలిందని ఫోన్ వస్తే "నీకేం కాలేదు కదా, గాజు ముక్కలు ముట్టుకోకు" అన్నదే మొదటి మాట కావాలి. తిట్లు ఉంటే రేపు. ఇవాళ టీవీకి తిడితే రేపు గ్యాస్ లీకైనా ఫోన్ రాదు.

## ఎదిగేకొద్దీ, రోజులు మారేకొద్దీ

నేను ఇంట్లో లేనప్పుడు మొదటిసారి పీరియడ్ వస్తే?

ఐదో తరగతి అయ్యేసరికే చెప్పి ఉండాలి. బాత్రూమ్ అరలో ప్యాడ్లు, శుభ్రమైన లోదుస్తులు ఒక సంచిలో పెట్టి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో ముందే చూపించండి. వెంటనే ఫోన్ చేయగలిగే అత్తో పక్కింటి ఆంటీయో ఒకరు ఉండాలి. నాన్నకి చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదని నాన్నే చెప్తే ఇంకా మంచిది.

ఒంటిపూట బడుల్లో ఏం చేయాలి?

ఇది నిజంగా కష్టకాలం. మార్చి మధ్య నుంచి పొద్దున 8కి మొదలై 12.30కల్లా బడి అయిపోతుంది, రెండు గంటలనుకున్నది ఒక్కసారిగా ఆరు గంటలవుతుంది, అదీ మండుటెండలో. అన్ని గంటలు ఒక్కరినే ఉంచొద్దు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పక్కింట్లో ఉంచండి, లేదా అదే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి వంతులవారీగా సెలవు పెట్టి పిల్లలందర్నీ ఒకే ఇంట్లో ఉంచండి. అమ్మమ్మని పిలిపించుకోగలిగితే ఈ నెలన్నరకే పిలవండి. పై అంతస్తు ఇళ్ళు పొయ్యిలా కాలతాయి, కర్టెన్లు వేసి, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అందుబాటులో పెట్టి, నాలుగైదు దాటేదాకా కిందికి దిగొద్దని చెప్పండి.

ట్యూషన్‌కి స్కూటీ మీద వెళ్తానంటోంది, తొమ్మిదో తరగతి.

వద్దు. గేర్లు లేని 50 సీసీ లోపు బండికే పదహారేళ్ళు నిండి లైసెన్స్ ఉండాలి, మామూలు స్కూటీకి పద్దెనిమిది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. సైకిల్ కొనివ్వండి.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ ఇలా ఉంచితే పోలీసులొస్తారంటారు, నిజమా?

చాలా రాష్ట్రాల్లో కచ్చితమైన వయసు చట్టంలో లేదు, కొన్నిట్లో ఉంది. మేరీలాండ్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఇంట్లో వదలాలంటే కనీసం పదమూడేళ్ళున్న నమ్మకమైన మనిషి తోడుండాలి. మీ రాష్ట్రం, కౌంటీ ఏమంటుందో అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, వాట్సాప్ మాటలు నమ్మకండి.

"పిల్లని ఒంటరిగా వదిలేసి ఆ ఉద్యోగం అవసరమా" అని అత్తగారు అంటున్నారు.

ఆ ప్రశ్న అమ్మనే అడుగుతారు, నాన్నని అడగరు. అందుకని జవాబు నాన్నే చెప్పాలి. ఏర్పాట్లన్నీ ఆవిడకి చూపించండి, పిల్ల రోజూ ఐదింటికి నానమ్మకి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడే అలవాటు పెట్టండి. ఊళ్ళో ఒంటరిగా కూర్చున్న ఆవిడకీ అది కావాలి, ఆ టైమ్‌కి పిల్లకీ ఒక గొంతు వినబడుతుంది. చాలా ఇళ్ళలో గొడవ అక్కడే తగ్గిపోయింది.

ఇక ఇది కుదరదు, వేరే దారి చూడాలి అని ఎలా తెలుస్తుంది?

రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం, బడి వదిలే టైమ్‌కి కడుపునొప్పి అనడం, ఫ్యాన్ చప్పుడుకి కూడా మీకు పదేపదే ఫోన్లు, లేదా ఉన్నట్టుండి మాటలు తగ్గిపోవడం. ఒక మనిషి పేరెత్తితే ముఖం మారడం మరీ ముఖ్యం, ఆరోజే కూర్చోబెట్టి మెల్లగా అడగండి. ఇలాంటివి కనబడితే "అలవాటవుతుందిలే" అనుకోకుండా వెంటనే ఆపేయండి, ట్యూషనో, సాయంత్రం మూడు గంటల పాటు ఉండేలా మనిషిని పెట్టుకోవడమో, మీలో ఒకరు షిఫ్ట్ మార్చుకోవడమో చేయండి. ఆరు నెలలాగి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆపినందుకు పిల్లని చిన్నబుచ్చే మాట మాత్రం చుట్టాల ముందు అనకండి.